గెథిన్ దొరకు నేను చేసిన పరామర్శ

ఓదార్చబోయి ఎదుటి మనిషి ప్రాణం తీయబోయినవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. డెబ్బైలలో, పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో జరిగింది.

మా ఫ్యాక్టరీలో బాయిలర్ బిగించడానికి వేల్స్ అనే దేశం నుంచి గెథిన్ అనే ఇంజనీరు వచ్చాడు. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని మేనేజరు నన్ను ఆయన వెంట వేశాడు.

"దొరను మంచిగ జూసుకుంటె నౌకరీ పర్మినెంట్ జేస్త. ఆయన మనసు నొచ్చిందో, ఇగ నువ్వు గేటు బయటనే," అన్నాడు.

ఆ రోజు నుంచి దొర ముఖం చూసి గాని ఊపిరి పీల్చలేదు నేను.

ఒకనాడు చాయ్ తాగుతూ, ఆయన పేరుకు అర్థమేమిటని అడిగాను.

"మా పాత భాషలో నల్లనివాడు, అందవికారి అని. ఎప్పుడో కత్తి పట్టినవాళ్లకు తగిలించిన ఎగతాళి పేరు. పోను పోను అసలు పేరే అయింది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నా పేరు పెంటయ్య. నాకు ముందు పుట్టిన అన్నలు పురిట్లోనే పోయారు. నన్నైనా దక్కించుకోవాలని మా అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని, ఆ పేరు పెట్టింది. పేరు అసహ్యంగా ఉంటే చావు ఆ బిడ్డ వంక చూడదని మా నమ్మకం. మరి ఏ తల్లైనా కొడుకును ఊరికే అందవికారి అంటుందా? పాపం, దొరకూ ముందు పుట్టిన అన్న పోయి ఉంటాడు, పైకి నవ్వుతున్నాడు.

ఇంటికెళ్లి చెబితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో, ఆ తల్లి ఎంత ఏడ్సిందో. తెలిసినంక పరామర్శ జెయ్యకుంటె తప్పు బిడ్డా."

మర్నాడు పొద్దున్నే దొర ముందు చేతులు కట్టుకుని, "మీ అన్నగారు పోయినందుకు చాలా బాధగా ఉంది సార్," అన్నాను ఇంగ్లీషులో. ఆ ఒక్క వాక్యం తప్పు లేకుండా వచ్చింది. అదే నా కొంప ముంచింది.

ఆయన చేతిలో స్పానర్ కింద పడింది. "ఎప్పుడు? టెలిగ్రాం వచ్చిందా?" ఆయన అన్న బొగ్గుగనిలో పనిచేస్తాడట. నాకేం తెలుసు? దొర ఆఫీసుకు పరుగెత్తాడు, వెనకాలే నేను.

మేనేజరు ట్రంక్ కాల్ బుక్ చేసి నావైపు తిరిగాడు. "ఎవరు జెప్పిండ్రు నీకు?"

"ఎవరు జెప్పలే సార్. పేరును బట్టి అనుకున్న."

"పేరును బట్టి మనిషిని సంపినవా?"

లైను కోసం దొర తల పట్టుకుని, నేను గోడ పట్టుకుని ఎదురుచూశాం. అన్న పోయుంటే దొర తట్టుకోలేడు, బతికుంటే నా నౌకరీ బతకదు. దేవుడికి ఏమని మొక్కాలో తెలియలేదు.

సాయంత్రానికి లైను కలిసింది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న అన్న లేచి తిట్టిన తిట్లు మాక్కూడా వినబడ్డాయి. దొర కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నా పెంటకుప్ప కథంతా చెప్పాను.

"అది మా తాత పేరయ్యా, అందుకే పెట్టారు," అన్నాడు. తర్వాత మేనేజరుతో, "ఇతన్ని పర్మినెంట్ చెయ్యండి. కాని నా దగ్గరికి మాత్రం పంపకండి," అన్నాడు.

ఇంటికొచ్చి, "దొర అన్న బతికే ఉన్నడమ్మా," అన్నాను.

అమ్మ కాస్త కూడా ఆశ్చర్యపోలేదు. "ఉండడా మరి? గా పేరు ఇంట్ల ఉన్నంక సావు గడప తొక్కుతదా?"

ఇక ఎవరి పేరుకూ అర్థం అడగనని, శవాన్ని కళ్లారా చూడందే అయ్యో అననని, నన్ను దక్కించిన పెంటకుప్ప సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను.