సంచి సర్దుకున్న మనిషి

అరకు కొండల మీదికి రెండ్రోజుల ట్రెక్కింగ్ అనుకున్నామంటే చాలు, మా ఆఫీసులో అందరం అన్నయ్యా అని పిలిచే ఆయన మాకంటే ముందే సంచి సర్దేవారు. బరువు అలవాటవ్వాలని, నెల ముందు నుంచే దాన్ని భుజాన వేసుకుని ఆఫీసు మెట్లెక్కేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఇంట్లో భార్య ఎప్పట్నుంచో మంచాన ఉంది. అన్నీ ఆయనే చేసేవారు. ఈ రెండ్రోజులకి మాత్రం ఆవిడ చెల్లెలు వచ్చి ఉండేది.

ఈసారీ తీరా కొండ కింద ఊళ్ళో ఒకరింట్లో బస చేసి, పొద్దున్నే మేం బూట్లు కట్టుకుంటుంటే, ఆయన గోడకి చేరగిలబడి, "మీరు బేగి ఎల్పోండి తమ్ముడూ, నాను ఎనకాల వస్తాను" అన్నారు.

రాలేదు. కిందటేడూ అంతే చేశారు. మర్నాడు సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ దిగొచ్చిన నాకు ఒళ్ళు మండింది.

"ఈయన అసలెక్కడికీ కదల్లేదా?" అన్నాను, గట్టిగానే.

"మెల్లగా బాబూ!" అంది మాకు బస ఇచ్చిన ఇంటావిడ. "నిన్నట్నుంచి తిండికి తప్ప లేవనేదు. ఏటి నిద్దరో!"

అరుగు మీద ఆ సంచే తలకింద పెట్టుకుని పడుకున్నారు. పక్కనున్న కొత్త బూట్లకి మట్టైనా అంటలేదు. నా గొంతు విని ఉలిక్కిపడి లేచి, "వస్తన్నానే, వస్తన్నాను" అంటూ చెప్పుల కోసం తడుముకున్నారు. నన్ను చూసి మెల్లగా మళ్ళీ కూర్చున్నారు.

"పైన ఏటుందో సెప్పు తమ్ముడూ. ఇంటికెల్తే మీ వదిన అడుగుతాది."

పక్కన కూలబడి, కాఫీ తోటల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నేను కొండ సగం ఎక్కకముందే ఆయన మళ్ళీ నిద్రపోయారు.