బక్‌ఖాలీలో నా నడుముకు తాడు

భవానీపూర్‌లో మా లిఫ్టు మనుషులకంటే ఎక్కువ సెలవులు పెడుతుంది. నిన్న కొత్త ఫ్రిజ్‌ని కొబ్బరితాడు కట్టి మూడో అంతస్తుకి లాగారు. ఆ తాడు వాసనకి చిన్నప్పటి బక్‌ఖాలీ సముద్రం గుర్తొచ్చింది.

మెటియాబ్రుజ్ రేవులో పనిచేసే నాన్న అరువు వ్యానులో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, సరుగుడు చెట్ల కింద టార్పాలిన్ గుడారం వేశాడు. నేను నీళ్లకేసి పరిగెత్తబోతే నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

"కాకూ, మేకని కడగడానికి తెచ్చావా?" అన్నారు అక్కడి బెంగాలీ పిల్లలు.

"అవున్రా, పొడుత్తాది. దూరంగుండండి," అన్నాడు నాన్న.

నాన్న శ్రీకాకుళం తీరంలో పుట్టి కూడా సముద్రానికి భయపడే మనిషని చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. నిన్న రాత్రి అమ్మతో అదే చెప్పి నవ్వాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"మీ సిన్నాన్నని కెరటం లాక్కెళ్లినప్పుడు మీ నాన్న సేతిలో తాడు నేదురా."