మూడో సంచికలో లేని చెయ్యి

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జనవరిలో నన్ను గుమ్మడిదల దగ్గరి మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీకి సేఫ్టీ మేనేజర్‌గా వేశారు. బీరంగూడలో ఇల్లు, ముత్తంగి దగ్గర కంపెనీ బస్సు. ఊరు కొత్త కాదు, పనీ కొత్త కాదు. అప్పటికి ఈ వృత్తిలో ఇరవై ఏళ్లు దాటాయి.

మార్చిలో భద్రతా వారోత్సవాలకు పోస్టర్లు అంటించడం అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఉన్నదే. హెల్మెట్ పెట్టుకున్న మనిషి క్యాంటీన్ గోడ మీద నవ్వుతూ ఉంటాడు, వాడి వంక ఎవరూ చూడరు. నేను వాటికి బదులు చిన్న సంచికలుగా బొమ్మల కథ వేద్దామన్నాను, అదీ అంతరిక్షంలో. అంతరిక్షం ఎందుకమ్మా అని ఆఫీసులో అడిగారు. భూమ్మీద కథ రాస్తే తప్పు ప్రొడక్షన్ వాళ్లదా, మెయింటెనెన్స్ వాళ్లదా అని రెండు డిపార్ట్‌మెంట్లూ నా మీద మీటింగు పెడతాయి కాబట్టి, అన్నాను.

కథ నాది, బొమ్మలు మా డ్రాఫ్ట్స్‌మన్ యాదగిరివి. ఉద్యోగమంతా రియాక్టర్లు గీసిన మనిషి. రియాక్టర్ అంటే రసాయనాలను కలిపి వేడిచేసే పెద్ద ఉక్కు పాత్ర. దాని నెత్తిన మనిషి దూరేంత రంధ్రం ఉంటుంది, దాన్ని మ్యాన్‌హోల్ అంటారు. యాదగిరి గీసిన అంతరిక్ష నౌక అచ్చం రియాక్టర్‌లా వచ్చింది. మ్యాన్‌హోల్ బోల్టులతో సహా.

మొదటి రెండు సంచికలు గొడవ లేకుండా పోయాయి. మూడోది రక్షణ కార్యక్రమం గురించి. కథానాయిక కెప్టెన్ మల్లిక సహచరుడు పాడైన నౌకలో స్పృహ తప్పి పడి ఉంటాడు. మల్లిక ద్వారం దగ్గర ఆగిపోతుంది. చేతులు వణుకుతుంటాయి. లోపలి గాలి కొలుస్తుంది, సాయానికి కబురు పెడుతుంది, అతని నడుముకున్న తాడు బయటి నుంచే లాగుతుంది. నాలుగు బొమ్మల పాటు లోపలికి మాత్రం పోదు. ఆ నాలుగు బొమ్మల కోసమే సంచిక రాశాను. మూసి ఉన్న పాత్రలో ఒకడు పడితే, వాడిని తీయడానికి దూకినవాడు వాడి పక్కనే పడతాడు. మా వృత్తిలో ఇది తెలియనివాళ్లు లేరు. అయినా దూకుతూనే ఉంటారు.

జనరల్ మేనేజర్ గారు ఆ వణికే చేతులు తీసేయమన్నారు. "భయపడేదాన్ని హీరోయిన్ అంటారాండీ?" అన్నారు. భయపడకుండా దూకినవాళ్ల ఇళ్లకు కబురు మోసుకెళ్లింది నేను, మీరు కాదు అన్నాను. చేతులు వణుకుతూనే అచ్చయ్యాయి.

క్యాంటీన్‌లో మాత్రం నాకు ఓట్లు పడలేదు. మొగులయ్య గుమ్మడిదల మండలం రైతే, మా దగ్గర సీనియర్ హెల్పర్ కూడా. అతను సంచిక మడిచి నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఏంది మేడం, మీ కెప్టెనమ్మ నాలుగు బొమ్మల సంది గట్లనే నిలబడ్డది? లోపటోడు సచ్చినంక పోతదా?"

"ఆమె పోతే ఇద్దరు పోతరు. లెక్క రాదా నీకు?"

"లెక్కొస్తది మేడం. ఇజ్జత్ గూడ ఉంటది గద."

బల్లంతా నవ్వింది. అతని వెనక ఉన్న ఇంకో హెల్పర్ శ్రీశైలం అందుకున్నాడు. "నేను పడితె గూడ మా బావ గిట్లనే నిలబడి చాయ్ తాగుతడు మేడం."

"నువ్వు పడితె మీ అక్కకు జవాబు ఎవడు చెప్పాలెరా?" అన్నాడు మొగులయ్య.

వాళ్లు బావా బామ్మర్దులని నాకు ఆ రోజే తెలిసి ఉండాలి. కానీ వాళ్ల పరాచికాలు నా చెవిన పడ్డాయే తప్ప బుర్రకెక్కలేదు.

మేలో ఒక రియాక్టర్ శుభ్రం చేయాల్సి వచ్చింది. మనిషి లోపలికి దిగే పనికి పర్మిట్ కావాలి. లైన్లన్నీ మూసి, లోపలికి గాలి ఊది, ఆక్సిజన్, మండే ఆవిరి కొలిచాక సేఫ్టీ విభాగం సంతకం పెడుతుంది. దిగేవాడు బెల్టు వేసుకుంటాడు. దాని తాడు మ్యాన్‌హోల్ మీద నిలబెట్టిన ముక్కాలి స్టాండు చక్రానికి చుట్టి ఉంటుంది. బయట ఒకడు చక్రం దగ్గర కాపలా ఉంటాడు. అతన్ని అటెండెంట్ అంటారు. పర్మిట్‌లో పేర్లు, టోకెన్ నంబర్లు ఉంటాయి, చుట్టరికాలు ఉండవు. లోపలికి శ్రీశైలం, బయట మొగులయ్య. సంతకం నాది.

పదకొండు దాటాక నేను రౌండుకు వెళ్లేసరికి లోపల శ్రీశైలం బెల్టుకున్న గ్యాస్ మీటరు కూస్తోంది. అడుగున గట్టిపడిన పొర గీకగానే దాని కింద చిక్కుకున్న సాల్వెంట్, అంటే ద్రావకం, ఆవిరై పైకి తన్నింది. శ్రీశైలం కూలిపోయాడు. మొగులయ్య అప్పటికే సైరన్ బటన్ నొక్కి చక్రం తిప్పుతున్నాడు. శ్రీశైలం మ్యాన్‌హోల్‌కు కొంచెం కింది దాకా లేచాడు. అక్కడ తాడు, లోపల రసాయనాలు కలిపే రెక్కకు చిక్కుకుని ఆగిపోయింది. అతని చెయ్యి మ్యాన్‌హోల్‌కు మూరెడు కింద వేలాడుతోంది. అందేలా ఉంది.

నేను వంగాను. తల, భుజాలు లోపలికి పెట్టాను. తల పెట్టినా దిగినట్టే లెక్క అని అదే ఫ్యాక్టరీలో క్లాసులు చెప్పినదాన్ని.

వెనక నుంచి నా సేఫ్టీ జాకెట్ బెల్టు పట్టి ఎవరో ఒక్క గుంజు గుంజారు. కింద కూలబడ్డాను.

"ఎనుకకు జరుగుండ్రి మేడం! మీరు గూడ పడితె ఇద్దర్ని గుంజాలె నేను!"

మొగులయ్య మళ్లీ నా వైపు చూడలేదు. చక్రం వెనక్కి తిప్పి రెండు మూరలు తాడు వదిలాడు. శ్రీశైలం మళ్లీ కిందికి జారాడు. అది చూసి నేను అరిచాను కూడా. తాడు రెక్క నుంచి ఊడింది. చక్రం మళ్లీ తిరిగింది. సిలిండర్లు కట్టుకున్న రెస్క్యూ టీం మెట్లెక్కేసరికి శ్రీశైలం బయట, గాలిలో, దగ్గుతూ ఉన్నాడు. మొగులయ్య చేతులు అప్పుడు చూశాను. చక్రం పిడి వదిలాక కూడా వణుకుతున్నాయి.

ఆసుపత్రి నుంచి శ్రీశైలం మూడో రోజు ఇంటికి వెళ్లాడు. విచారణ రిపోర్టులో నా తల సంగతి కూడా రాశాను. అది అవసరమా అన్నారు జనరల్ మేనేజర్ గారు. అవసరమే అని పది నిమిషాలు వాదించాను. బావను అటెండెంట్‌గా పెట్టడం తప్పని కూడా రాశాను. ఆ రోజు నిలబడింది బావే, దూకబోయింది ఏ చుట్టరికమూ లేని నేను. అయినా మరోసారి ఏ మనిషినీ ఆ పరీక్షకు పెట్టకూడదు.

మూడో సంచిక మళ్లీ అచ్చువేసినప్పుడు యాదగిరి చేత ఐదో బొమ్మ గీయించాను. మల్లిక ద్వారంలోకి వంగుతుంది, వెనక నుంచి ఒక చెయ్యి ఆమె బెల్టు పట్టి లాగుతుంది. మొగులయ్యకు చూపించాను.

"చేతికి గ్లౌజులేవి మేడం?" అన్నాడు.

వేయించాను.

భయం గురించి నేను రాసింది సగమే సరైనది. చేతులు వణికితే మనిషి ఆగుతాడనుకున్నాను. మొగులయ్యకు వణికాయి, ఆగాడు. నాకు వణికాయో లేదో కూడా తెలియదు, వంగాను. ఆ క్షణంలో ఎవరు ఎటు పోతారో శిక్షణను బట్టి, హోదాను బట్టి చెప్పలేం. అందుకని పర్మిట్‌లో ఒక వాక్యం చేర్చాం: లోపలికి వంగే ఎవరినైనా, ఏ హోదా వారినైనా, పట్టి లాగే అధికారం అటెండెంట్‌ది. దాని కింద చదివి ఒప్పుకున్నట్టు ఫ్యాక్టరీలో అందరూ సంతకం చేయాలి. మొదటి సంతకం నాది.