మస్తాన్‌రావు ఇంట్లో లేని రోజు

మస్తాన్‌రావుకు ఊరంతా చుట్టాలే. ఆ చుట్టరికం రక్తం పంచుకున్నది కాదు, సర్పంచి పదవి తెచ్చిపెట్టినది. దుర్గి దగ్గరి సొంతూళ్లో ఒక్కసారి సర్పంచిగా చేశాడు. తర్వాత పిల్లల చదువుల పేరు చెప్పి నరసరావుపేటకు కాపురం మార్చాడు. ఆయన పదవి దిగినా ఊరి జనం మాత్రం ఆయనను దించలేదు. పేటలో ఆసుపత్రి పనున్నా, కొడుకును స్టేషన్‌లో కూర్చోబెట్టినా, పాస్‌బుక్కులో తప్పు పడినా, పొద్దున్నే బస్సు దిగి నేరుగా ఆయన గడప తొక్కేవాళ్లు. మస్తాన్‌రావు లేదనడు అని ఊళ్లో ఒక పేరు. ఆ పేరు వింటే ఆయన ఛాతీ పొంగేది. దాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ ఎవరో ఒకరి వెంట తిరగాలంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది.

పల్లెలో ఉన్నప్పుడు తప్పించుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. అది ఆయన కనిపెట్టింది కాదు, రాజకీయం చేసే ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. వచ్చినవాడు వాకిట్లో నిలబడి కేకేస్తే ఇల్లాలు ముందుకు వచ్చి "ఆయన లేరు, పొలం పోయారు" అంటుంది. ఈలోగా ఇంటాయన దొడ్డిదారిన గేదెల కొట్టంలోకి జారుకుంటాడు. లోపలి నుంచి దగ్గు వినిపించినా వచ్చినవాడు విననట్టే వెళ్లిపోతాడు. అది మర్యాద. పేటలో కట్టిన ఇంటికి దొడ్డిదారి లేదు. వెనక గోడ, దాని వెనక ఇంకొకరి గోడ. ఉన్నదల్లా ముందు తలుపొక్కటే.

అందుకే ఆ తలుపుకు స్మార్ట్ లాక్ పెట్టిద్దామని మస్తాన్‌రావుకు బుద్ధి పుట్టింది. భార్య అనసూయకు మాత్రం దొంగల భయమని చెప్పాడు.

"మనింట్లో దొంగలు ఎత్తుకుపోయేదేముంది, మీరు తప్ప" అంది అనసూయ. ఆమె మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి.

సత్తెనపల్లి రోడ్డులో తలుపులూ తాళాలూ అమ్మే షోరూముకు ఇద్దరూ వెళ్లారు. గౌసియా అనే అమ్మాయి ఓపిగ్గా ఒక్కోటీ చూపించింది. వేలిముద్రకు తెరుచుకునేవి, అంకెలు నొక్కితే తెరుచుకునేవి, కార్డు ఆనిస్తే తెరుచుకునేవి. బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో చెప్పింది. మిరపకాయలు తొడిమలు తీసే చేతులకు వేలిముద్ర సరిగ్గా పడదనీ, అలాంటివాళ్లు ఉంటే అంకెలది తీసుకోవడమే మేలనీ చెప్పింది. అనసూయ అన్నీ అడిగి తెలుసుకుంది. మస్తాన్‌రావు దేని దగ్గరా ఆగలేదు. చివరి తాళం దగ్గర మాత్రం నిలబడిపోయాడు. దానికి బయటివైపు కెమెరా, లోపలివైపు చిన్న తెర. బెల్లు కొట్టినవాడి బొమ్మ ఆ తెర మీద పడుతుంది.

"బయట నిలబడ్డోడికి మనం కనపడతామా అమ్మా?"

"కనపడం అంకుల్. వాళ్లే మనకు కనపడతారు. వాళ్లతో మాట్లాడాలంటే ఈ పచ్చ బటన్..."

"ఇదే ఇయ్యి."

ఆయనకు కావలసిన జవాబు దొరికింది. మిగతాది వినే ఓపిక లేదు. ఓపిక లేకపోవడం జబ్బే అయితే మన నాయకులంతా ఆసుపత్రుల్లోనే ఉండేవాళ్లు.

తాళం బిగించాక కొన్నాళ్లు ఆయనకు అదే ఆట. బెల్లు మోగితే తెర దగ్గరికి పరుగు. ఒక్కటే ఇబ్బంది, మనిషిని ఆనవాలు పట్టేలోపు బొమ్మ ఆరిపోయేది. ఓ రోజు పచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టి చూస్తే, వేలు తీసేదాకా బొమ్మ నిలిచింది. "చూశావా, ఆ పిల్ల కూడా చెప్పలేదు, నేనే కనిపెట్టా" అని అనసూయ దగ్గర గొప్పలు పోయాడు. అప్పటినుంచీ బటన్ అదిమిపట్టి, వచ్చిందెవరో తీరిగ్గా చూసి, ఉండాలో లేకపోవాలో తేల్చుకుని, ఆ తీర్పు నిండు గొంతుతో భార్యకు చెప్పేవాడు. ఆమె తలుపు తీసి "లేరు" అనేది. వచ్చినవాళ్లు మారు మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు. పింఛను ఆగిపోయిందని వచ్చిన సీతారావమ్మ అలాగే వెళ్లింది. ఆమె వెనక ఇంకెందరో వెళ్లారు. కాఫీ వేడివేడిగా తాగగలుగుతున్నానని మస్తాన్‌రావు మురిసిపోయాడు.

అలాంటి ఒక పొద్దున బెంజిమిన్ వచ్చాడు.

బెంజిమిన్ ఊళ్లో ఒకప్పుడు ఆయన పొలం చేసినవాడు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. సర్పంచి ఎన్నికప్పుడు బూత్ మీద రాళ్లు పడ్డాయి. మస్తాన్‌రావు తరఫున కూర్చోవలసిన సొంతవాళ్లంతా తలో దిక్కూ పరుగెత్తారు. ఏజెంటుగా కూర్చున్న బెంజిమిన్ మాత్రం, నుదుటి మీద రక్తం కారుతుంటే తువ్వాలు అదిమిపట్టుకుని, పోలింగ్ ముగిసేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ మచ్చ తెర మీద కూడా కనబడుతోంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, చేతిలో పళ్ల సంచి ఉంది. చూసే కళ్లుంటే అడగడానికి వచ్చిన మనిషి కాదని తెలిసేది.

మస్తాన్‌రావు బటన్ అదిమిపట్టాడు. "బెంజిమిన్‌గాడే. వీడొస్తే ఒక పట్టాన వదలడు, మళ్లీ ఏ తగువో మోసుకొచ్చుంటాడు. ఊళ్లో లేనని చెప్పు. హైదరాబాద్ పోయానను."

అనసూయ చేతులు తుడుచుకుంటూ ఇంకా తలుపు దాకా రాలేదు. తెర మీద బెంజిమిన్ తల పైకెత్తాడు. కెమెరా వైపు ఒక్కసారి చూశాడు. ఆ మొహంలో కోపం కనబడి ఉంటే మస్తాన్‌రావుకు తేలిగ్గా ఉండేది. కోపం లేదు. ఏదో చూడకూడనిది చూసినవాడిలా కళ్లు దించుకున్నాడు. తర్వాత, మూసి ఉన్న తలుపుతోనే మాట్లాడాడు.

"అట్టాగా అమ్మా. హైదరాబాద్ పోయారా. సరేలే అమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చా. నేనొచ్చానని ఫోన్ చేసి చెప్పమాకండి. ప్రయాణంలో ఉన్న మనిషి, ఎందుకు ఇబ్బంది."

పళ్ల సంచి గుమ్మం పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు.

"నేనింకా నోరే తెరవలేదు కదండీ" అంది అనసూయ.

ఆమె దగ్గరికి వచ్చి, ఆయన బొటనవేలు కింద వెలుగుతున్న పచ్చ దీపాన్ని చూసింది. ఆ వేలును పక్కకు తీసింది. తెర ఆరిపోయింది. సీతారావమ్మ ఏమీ అడగకుండా ఎందుకు వెళ్లిపోయిందో, మిగతావాళ్లెవరూ మళ్లీ ఎందుకు రాలేదో మస్తాన్‌రావుకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ వాళ్లందరి మొహం మీదే "లేనని చెప్పు" అన్నాడు. వాళ్లందరూ విననట్టు వెళ్లిపోయారు.

"పరిగెత్తండి, ఇంకా సందు చివరే ఉంటాడు" అంది అనసూయ.

"ఏం మొహం పెట్టుకుని పోను?"

సిగ్గుపడ్డవాడు పరిగెత్తి వెళ్లి చేతులు పట్టుకోవాలి. ఈయన సిగ్గుపడి కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గు కన్నా పరువు మీద ప్రేమ ఎక్కువైతే అలాగే ఉంటుంది. ఆ రోజు ఇద్దరిలో ఎవరూ ఆ పళ్లు ముట్టలేదు.

తర్వాత కొద్ది రోజులకు ఊరినుంచి తమ్ముడి కొడుకు నాగార్జున ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడాక, "పెదనాన్నా, బెంజిమిన్ కూతురు ప్రశాంతి ప్రధానానికి నువ్వుంటే బాగుండేది" అన్నాడు. "వాళ్ల తరఫున పెద్దమనిషిగా నువ్వే కూర్చోవాలని పట్టుబట్టాడు. పిలవడానికి పేట కూడా వచ్చాడంట, నువ్వు హైదరాబాద్‌లో ఉండావంట గదా. మగపెళ్లివాళ్లు చానాసార్లు అడిగారు, మీ పెద్దమనిషి ఏడీ అని. ఊళ్లో లేడు, ఉంటే రాకుండా ఉంటాడా అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసేదాకా ముందు వరసలో నీ కుర్చీ అట్టాగే ఉంచాడు."

మస్తాన్‌రావు ఫోన్ పెట్టేశాడు. ఆయన చేత ఎవరెవరో ఏవేవో పనులు చేయించుకున్నారు. పిల్ల పెళ్లి మాటల్లో తన పక్కన కూర్చోమని, ఒక మర్యాద ఇవ్వడానికి వచ్చినవాడు ఒక్కడే. వాడి మొహాన తలుపు వేశాడు. పైగా ఊరందరి ముందూ ఆయన అబద్ధాన్ని మోస్తున్నదీ వాడే.

మర్నాడే ఊరికి బయల్దేరాడు. వెళ్లి చెప్పేయాలనుకున్నాడు. "ఇంట్లోనే ఉన్నా, లేననిపించా, తప్పయింది" అని బస్సులో మాచర్ల రోడ్డు పొడుగునా మనసులో అనుకుంటూనే ఉన్నాడు. అన్నకొద్దీ మాట కుదురుకుంది, ధైర్యం వచ్చింది.

బెంజిమిన్ ఇంటి తలుపు తీసే ఉంది. ముందుగదిలో కొత్త వియ్యంకుడూ, అతని అన్నా కూర్చుని ఉన్నారు. పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మస్తాన్‌రావును చూసి బెంజిమిన్ గబుక్కున లేచి తన కుర్చీ ఖాళీ చేశాడు.

"నేను చెప్పలా, మా మస్తాన్‌రావుగారని. ఆయనే" అని వియ్యంకుడికి చూపించాడు. వాళ్లిద్దరూ లేచి నమస్కారం పెట్టారు.

"మీ గురించి ఆ రోజంతా చెబుతూనే ఉన్నాడండీ" అన్నాడు వియ్యంకుడు.

మస్తాన్‌రావు కూర్చున్నాడు. బస్సులో కుదురుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బెంజిమిన్ ఆయన కళ్లలోకి చూశాడు. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు. దాటడానికి చెయ్యి అందిస్తున్నట్టుంది.

"హైదరాబాద్ నుంచి ఎప్పుడొచ్చారయ్యా?" అని అడిగాడు.

గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"నిన్ననే" అన్నాడు మస్తాన్‌రావు.

"అలిసిపోయుంటారు" అంటూ బెంజిమిన్ టేబుల్ ఫ్యాను ఆయన వైపు తిప్పాడు.