వెండి నాణెం మీద వేలిముద్ర

తప్పులు పట్టడం నా ఉద్యోగం. నానక్‌రామ్‌గూడలో ఓ ఏసీ గదిలో కూర్చుని, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతుకుతాను. అందుకేనేమో, వంక పెట్టలేని వస్తువు ఒక్కటైనా నాకుండాలని పిచ్చి. టంకశాల నుంచి నేరుగా తెప్పించుకున్న వెండి స్మారక నాణెం అలాంటిది. ఒక్కసారి చూసుకుని, పెట్టె మూసి బీరువాలో పెట్టేశాను.

అమ్మ పోయాక కూకట్‌పల్లి ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. సెలవు రోజు నోరు విప్పే పనే ఉండదు. టీవీ పెట్టుకుని దానితోనే పోట్లాడతాను. నాణేలు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపే నాకు చుట్టపక్కాలు. వాళ్లు నాణేనికి డెబ్భైకి మార్కులేస్తారు. డెబ్భైకి డెబ్భై వస్తే విలువే వేరు. ఆదివారం అందరూ కలుస్తున్నారు. అలాంటి నాణెం తీసుకెళితే నన్నూ పలకరిస్తారని ఆశ. ముందుగా గ్రూపులో పెద్దాయనకి చూపిద్దామని లింగంపల్లి వెళ్లాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి.

ఆయన పెట్టె తెరిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"డెబ్భై ఏంది బిడ్డా, ఇగ దీనికి మార్కులే రావు. ఎవరో వేలు పెట్టిన్రు. ముద్ర వెండిల దిగిపోయింది."

"ఎవరూ ముట్టుకోలేదండీ!" అని గయ్యిమన్నాను.

"మరి గీ కుంకుమ ఏడికెళ్లి వచ్చింది?"

అక్షరాల సందుల్లో ఎర్రగా ఉంది.

పోయినేడాది శ్రావణ శుక్రవారం నేను తలుపేసుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. పూజలో పెట్టడానికి అమ్మ బీరువాలో వెండి వెతుక్కుని ఉంటుంది. లక్ష్మీదేవే కదా అని ఉంగరపు వేలితో బొట్టు పెట్టి, పూజయ్యాక పమిట చెంగుతో పైపైన తుడిచి, నేను కేకలేస్తానని గప్‌చుప్‌గా లోపల పెట్టేసి ఉంటుంది. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

పెద్దాయన కంగారుపడి, "ఫికర్ చెయ్యకు. మందేసి తుడిస్తే జర తగ్గుతది. తుడవాల్నా?" అన్నారు.

"వద్దండీ, ముట్టుకోకండి!" అని అరిచినంత పనిచేశాను.

ఆదివారం ఎక్కడికీ వెళ్లలేదు. పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ పోయిన నెల రోజులకే ఇల్లంతా రంగులు వేయించాను, గుమ్మానికి ఆవిడ రాసిన పసుపు మీద కూడా. ఆవిడ చెయ్యి ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు.