విప్పని మంచె

రుద్రూర్ నుంచి బోధన్ దాకా చెరకు, మక్క వేసే ఊళ్లలో ఒకప్పుడు నర్సన్న పేరు చెప్తే అడవిపందులు కూడా దారి మార్చుకునేవని జనం నవ్వుతూ అనేవారు. పందుల సంగతేమో గానీ, చేనికి మంచె కావాలంటే రైతులు మాత్రం అతని గడపే తొక్కేవారు. కాపలా మనిషి కూర్చోవడానికి చెట్టు కొమ్మల మీదో, గుంజల మీదో వెదురు పరిచి కట్టే ఆ మంచె నర్సన్న చేతిలో పడిందంటే పైన ఎద్దు పడుకున్నా కిర్రుమనేది కాదు. మేకు కొట్టడు. నైలాన్ తాడు ముట్టడు, వెదురు మీద జారుతుందని దానంటే చిరాకు. మోదుగ వేళ్ల నార తీసి, నానబెట్టి, తడి మీదే బిగిస్తాడు. అది ఎండేకొద్దీ కర్రను కరుచుకుంటుంది.

పని ఎంత బాగా చేసినా, పంట ఇల్లు చేరగానే తన మంచెను తానే విప్పేసేవాడు. వెదురు దాచుకోమనేవాడు, నారను మాత్రం అక్కడే కాల్చేసేవాడు. వానాకాలమంతా తడిసిన నార పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల కుళ్లిపోతుంది. "పోయినేటి నారను నమ్ముకొని పైకెక్కుడంటే సావును పిలుసుకునుడే" అని కసిరేవాడు. కట్టినవాడే విప్పాలన్నది ఆ పనిలో వాళ్ల తాతల నాటి పట్టింపు. జ్వరంతో మూలుగుతూ కూడా ఒకసారి రుద్రూర్ వెళ్లి విప్పి వచ్చాడు. భార్య విమలమ్మ తిట్టుకుంటూ వెంట వెళ్లింది.

ఆవిడ ఎప్పుడూ వెంటే ఉండేది. పెళ్లైన కొత్తలో వాళ్ల కాపురం సగం మంచెల మీదే గడిచింది. వడిసెల తిప్పి చిలకలను తోలడంలో ఆవిడదే పైచేయి. నార పేనేది విమలమ్మ, ముడి వేసేది నర్సన్న. పేరు మాత్రం ముడి వేసినవాడికే వచ్చింది, లోకం తీరే అంత.

తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. మిగిలిన మక్కచేలకు రైతులు సోలార్ తీగలు చుట్టుకున్నారు. నర్సన్నను పిలిచేవాళ్లు లేరు. బోధన్ చివర తన రేకుల ఇంట్లో కూర్చుని, గడ్డం గీసుకోవడాన్ని కూడా పూటంతా సాగే పనిగా మార్చుకున్నాడు.

ఆ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. కొడుకు మహేందర్‌తో అతనికి మాటల్లేవు. పడుచు వయసులో మహేందర్ "చెట్లెక్కి పందులను ఎల్లగొట్టుడు నాతోని కాదు" అన్నాడు. నర్సన్న నలుగురి ముందే కొడుకు చెంప పగలగొట్టాడు. అంతే. మహేందర్ రైసుమిల్లులో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు, బిడ్డ తండ్రయ్యాడు, కానీ బాపుతో సూటిగా మాట్లాడలేదు. ఎదురెదురుగా కూర్చుని కూడా ఇద్దరూ విమలమ్మతోనే చెప్పేవారు.

"అవ్వా, బాపును మందు ఏసుకొమ్మను."

"నీ కొడుకును గొడుగు తీస్కపొమ్మను."

"నేనేమన్న టపాలు మోసేదాన్నా?" అని విమలమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే ఆ మాట ఈ చెవిన, ఈ మాట ఆ చెవిన వేసేది. కొడుకు నోట మళ్లీ బాపూ అన్న పిలుపు వినాలని నర్సన్నకు ఎంత ఆశ ఉండేదో ఆవిడ ఒక్కతికే తెలుసు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మనవరాలు రుచిత ఫోన్‌లో ఏదో బొమ్మ చూసి తాత దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "తాతా, మనింటెనక యాపచెట్టు మీద గిట్ల ఇల్లు కడదామా?"

నర్సన్న కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ఇల్లు కాదు బిడ్డా, గది మంచె. పైన కప్పేసిండ్రు, అంతే" అన్నాడు. అని లేచి నిలబడ్డాడు.

ఇంటిల్లిపాదీ పనిలో దిగారు. కోడలు రోజా బీడీల చాట పక్కన పెట్టి నార నానబెట్టింది. విమలమ్మ కాళ్లు చాపుకుని నార పేనింది. రుచిత పుల్లలు అందిస్తూ, వద్దన్నవి కూడా అందిస్తూ అందరికీ అడ్డం పడింది. మహేందర్ మొదట గుమ్మంలో నిలబడి చూశాడు. ఆదివారం పొద్దున్నే ఎక్కడి నుంచో ట్రాలీలో వెదురు బొంగులు తెచ్చి పడేశాడు. పెద్ద బొంగును కొమ్మల నడుమకు ఎత్తేటప్పుడు అది ఒక పక్కకు ఒరిగింది.

"బాపూ, పట్టు, పట్టు!"

నర్సన్న పట్టుకున్నాడు. కింద విమలమ్మ చేతిలో నార అలాగే ఆగిపోయింది. ఆ రోజంతా తండ్రీకొడుకులు "ఇటు గుంజు", "కొంచెం వదులు" అనుకుంటూనే ఉన్నారు.

మంచె మీద తాటాకు కప్పు పడింది. పగలు రోజా పైన కూర్చుని బీడీలు చేసేది, గాలికి తంబాకు ఘాటు తగ్గి దగ్గు నెమ్మదించిందని చెప్పేది. సాయంత్రం మహేందర్ మిల్లు నుంచి వచ్చి నేరుగా పైకెక్కేవాడు. నర్సన్న అప్పటికే అక్కడ ఉండేవాడు. లారీల గురించి, తడిసిన వడ్ల గురించి కొడుకు చెప్తుంటే, ఆ వడ్ల కథలు నర్సన్న పురాణం విన్నట్టు వినేవాడు.

వానలు వెళ్లాయి. చుట్టుపక్కల మక్క కోతలైపోయాయి. ఒక పొద్దున నర్సన్న కొడవలి పట్టుకుని వేపచెట్టు కిందికి వచ్చాడు. రుచిత కాండాన్ని కావలించుకుని ఏడుపు అందుకుంది.

"ఇప్పాలె బిడ్డా. ఎండాకాలం మల్ల కడత."

అప్పుడే మహేందర్ పళ్లు తోముకుంటూ వచ్చాడు. "ఉండనీ బాపూ. పిల్ల ఏడుస్తుంది. పాత కట్టు మీదికెల్లి ఇంకో కట్టు ఏస్తే అయిపాయె కద."

ఈ మాట వేరే ఎవరన్నా నర్సన్న వాళ్ల ఏడు తరాలనూ కడిగేసేవాడు. కానీ కొడుకు తనను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. మంచె పోతే ఆ సాయంత్రాలు పోతాయి. మళ్లీ కడితే మళ్లీ వస్తాయన్న హామీ ఎక్కడుంది? కొడవలి చూరులో చెక్కాడు.

"గట్లనే కానీ" అన్నాడు.

విమలమ్మ అతని మొహంలోకి చూసింది. "నువ్వేనా?" అంది.

"ఇంటెనక మంచెకు పందులొస్తయా ఏంది" అని నవ్వేశాడు. ఆ నవ్వు ఆవిడకు నచ్చలేదు. అయినా కూర్చుని కొత్త నార పేనింది. అతను పాత ముళ్ల మీద కొత్త ముళ్లు వేశాడు. చూడముచ్చటగా ఉంది. లోపల ఏముందో ఇక కనబడదు.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం బోధన్ మీద మబ్బు కమ్మింది. రోజా, ముందురోజు చేసిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. రుచిత బడిలో ఉంది. మంచె మీద రోజా పొద్దుటి నుంచి చేసిన మరో చాటెడు బీడీలున్నాయి. తడిస్తే కార్ఖానాలో తీసుకోరు, కోడలి కష్టం మట్టిపాలు. నర్సన్న బజారుకు వెళ్లి తిరిగొస్తూ గల్లీ మలుపు దాకా వచ్చాడు. దూరం నుంచే చూశాడు, విమలమ్మ కొంగు నడుముకు చెక్కి నిచ్చెన ఎక్కుతోంది. ఒకనాడు చిలకలను తోలిన మనిషి కదా, భయం లేదు.

"దిగు! విమలా, దిగు!" అని అరిచాడు. ఆవిడ వినలేదో, విని కూడా "ఉండుండు" అనుకుందో తెలియదు. చాట అందుకుని వెనక్కి తిరిగింది. ఒక మూల మంచె ఒరిగింది. కొత్త కట్టు తెగలేదు. లోపలి పాత నార పొడిపొడిగా జారిపోతే, పట్టు తప్పిన కొత్త ముడి ఖాళీ గాజులా కర్ర మీద వేలాడింది. కింద బట్టలుతికే బండ ఉంది.

నిజామాబాద్ ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

మర్నాడు వాకిట్లో జనం. విమలమ్మ తమ్ముడు ఆత్మారాం భీమ్‌గల్ నుంచి వచ్చి వేపచెట్టు కింద నిలబడి, వేలాడుతున్న ముడిని చూసి అడిగాడు. "పాత నార మీద కొత్త నార కట్టుమన్నదెవలు బావా? నువ్వైతే కట్టవు. నాకు ఎరుకనే."

మహేందర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. అతని పెదవి కదిలింది.

"నేనే" అన్నాడు నర్సన్న. "నాకే బద్దకమైంది."

ఆత్మారాం ఉమ్మేసి పక్కకు పోయాడు. ఆ రోజు నుంచి ఊరు కూడా అదే నమ్మింది. మంచెల నర్సన్న బద్ధకించి పెళ్లాన్ని చంపుకున్నాడని బోధన్‌లో ఇప్పటికీ అంటారు.

వెదురు తెచ్చి పాడె కడుతుంటే నర్సన్న వచ్చి కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు. తడి నారతో ముళ్లు వేశాడు. అతను కట్టిన వాటిలో అంత సక్కటి కట్టు ఇంకోటి లేదని చూసినవాళ్లు అంటారు.

శ్మశానంలో పాడె దించాక, కట్లు కోయడానికి ఒకతను కొడవలి తీశాడు. నర్సన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొయ్యకుండ్రి. కట్టినోడే ఇప్పాలె."

మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ముడి గోళ్లతో విప్పసాగాడు. తడి నార బిగిసిపోయి గోళ్లు లేచి రక్తం వచ్చింది. జనం ఎండలో ఓపిగ్గా నిలబడ్డారు. మహేందర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "బాపూ, ఆ మాటన్నది నేను" అన్నాడు.

నర్సన్న తల ఎత్తలేదు. అలవాటు చొప్పున భార్య వైపే తిరిగి చెప్పాడు.

"విమలా, నీ కొడుకును ఊకుండుమను."

ఆ మాట మోసుకెళ్లడానికి మనిషి లేదన్నది చెప్పాక గానీ తట్టలేదు. చేతుల్లో సగం విప్పిన ముడితో అప్పుడు ఏడ్చాడు.