పూర్తి అనే గడి

మేడ్చల్‌ల నీళ్ల ఫిల్టర్లు బిగించే పనికి నేను సూపర్‌వైజర్‌ను. బిగించుడు అయినంక ఇంటామె మిషన్ ముంగట కొబ్బరికాయ కొట్టేది. నేను సంతకం తీస్కుంటుంటి. ఆఫీసు బోర్డు మీద ఆ ఇల్లు ‘పూర్తి’ గడిలకు పోయేది.

ఇగ అమ్ముడు బందయింది. సబ్‌స్క్రిప్షన్ మీద, నెల కిరాయికి ఇస్తున్నరు. ప్రతి ఇంటికి నెలనెలా పోవాలె గాబట్టి మా సారు ఆ గడి తుడిచి ‘నడుస్తాంది’ అని రాసిండు.

మొన్న బహదూర్‌పల్లిల ఒకింట్ల బిగించి, అలవాటుగ ఆ ఇంటామెను కొబ్బరికాయ అడిగిన.

“కిరాయిదానికి కొబ్బరికాయెందుకు బిడ్డా?” అన్నదామె.

నాకు కోపం గూడ రాలే. సామాన్లు సదురుకొని ఇంటికొచ్చి, చెప్పులు ఇడవకుండనే గడపల కూసున్న.

“పనైందా?” అని మా ఇంటామె అడిగింది.

“నడుస్తాంది” అన్న.